యూనివర్సిటీ క్వయర్‌లో 18-22 ఏళ్ళ గొంతులు: ఎంతవరకు అడగవచ్చు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ వందనాలు. యూనివర్సిటీ విద్యార్థుల క్వయర్ (గాన బృందం) గురించి సలహా కావాలి. మొత్తం 26 మంది: అమ్మాయిల్లో పై పార్టు సొప్రానో 9, కింది పార్టు ఆల్టో 8; అబ్బాయిల్లో పై పార్టు టెనార్ 3, కింది పార్టు బాస్ 6. అందరూ 18 నుంచి 22 ఏళ్ళ లోపు. సగం మంది తెలుగు పిల్లలు, మిగతావాళ్ళు ఒడియా, సవర పిల్లలు. క్రైస్తవ కీర్తనలు అందరూ కలిసి ఒకే వరసలో పాడతారు, ఇంగ్లీషు హిమ్స్ (స్తుతి గీతాలు) నాలుగు పార్టుల్లో. పాడే చోటు శ్లాబు తక్కువ ఎత్తులో ఉన్న హాలు, పైన ఆరు ఫ్యాన్లు.

ఇబ్బందులు ఇవీ. సొప్రానోలకు డి5 దాటగానే గాలి ఎక్కువ, స్వరం తక్కువ. (కీబోర్డు మధ్యలోని సి స్వరాన్ని, అంటే మిడిల్ సిని, సి4 అని రాస్తున్నాను. అంకె ఒకటి పెరిగితే ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి పైకి, తగ్గితే కిందికి.) బాస్‌లకు జి2 కింద ఏమీ పలకదు. డిసెంబరు సగానికి వచ్చేసరికి చాలామంది గొంతులు జీరపోతాయి. చర్చి సంఘం పెద్దలేమో "గొంతులో బరువు లేదు, గట్టిగా తీయించండి" అంటున్నారు. పిల్లలు కేంబ్రిడ్జి కాలేజీ చాపెల్ క్వయర్ల రికార్డింగులు విని అలా రావాలంటున్నారు.

ఈ వయసుకు గొంతు పక్వానికి వచ్చినట్టా, రానట్టా? సాధనతో వచ్చేదేది, వయసుతో తప్ప రానిదేది?

---

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

మహేంద్రతనయ గారూ, గొంతులో ఒక్కో భాగం ఒక్కో వయసుకు స్థిరపడుతుంది. అందుకే మీ ప్రశ్నకు ఒకే జవాబు కుదరదు.

స్వరతంతువుల పొడవు 17-18 ఏళ్ళకు దాదాపు పూర్తవుతుంది. పెద్దయ్యాక మగవాళ్ళకు సుమారు 17.5 నుంచి 25 మి.మీ., ఆడవాళ్ళకు 12.5 నుంచి 17.5 మి.మీ. ఉంటాయి. మగపిల్లల గొంతు దాదాపు ఒక ఆక్టేవ్ దిగుతుంది, ఆడపిల్లలది రెండు మూడు సెమీటోన్లే (సెమీటోన్ అంటే కీబోర్డులో పక్కపక్క మీటల దూరం) దిగుతుంది. తంతువు లోపలి పొరలు కూడా టీనేజ్ చివరికల్లా పెద్దవాళ్ళ రూపానికి వస్తాయి. స్వరపేటిక మృదులాస్థి మాత్రం ఇరవైల్లో గట్టిపడడం మొదలై, దశాబ్దాల పాటు గట్టిపడుతూనే ఉంటుంది. అంటే మీ పిల్లల పరికరం తయారైంది, కానీ ఇంకా మెత్తగా ఉంది. ఊపిరిని, తంతువులను కలిపి నడిపే కండరాల పొందిక ఇంకా కుదురుకుంటోంది.

కాబట్టి బాస్‌కు అడుగు స్వరాలు, పై స్వరాల్లో నిండుతనం, తనంతట తాను నిలిచే వైబ్రాటో (స్వరంలో సహజమైన వణుకు), ఈ మూడింటినీ వయసుకే వదిలేయండి. పెద్ద గొంతులు కొన్ని ముప్పై దగ్గర పడ్డాక గానీ కుదురుకోవు. శ్రుతి, ఎత్తుగడలో శుభ్రత, అచ్చులు కలవడం, మెల్లగా పాడినా స్వరం నిలవడం, ఊపిరి పొదుపు మాత్రం 19 ఏళ్ళ వాళ్ళను నిర్మొహమాటంగా అడగవచ్చు, అడగాలి కూడా.

కేంబ్రిడ్జి సంగతి. కింగ్స్ కాలేజీలో పై పార్టు పాడేది 16 మంది చిన్న అబ్బాయిలు. కింది పార్టులు పాడేవాళ్ళు చాలావరకు డిగ్రీ విద్యార్థులే, అంటే మీ పిల్లల వయసువాళ్ళే. క్లేర్ కాలేజీలో 1972 నుంచి, ట్రినిటీలో 1982 నుంచి అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి పాడుతున్నారు. జాగ్రత్తగా వింటే ఆ గొంతులు బరువైనవి కావని తెలుస్తుంది. తేలిగ్గా, వణుకు లేకుండా, ఒకే అచ్చు మీద కలిసి ఉంటాయి. ఆ నిండుతనంలో చాలా భాగం కట్టడం ఇచ్చేది. కింగ్స్ చాపెల్ 88 మీటర్ల పొడవు, 24 మీటర్ల ఎత్తు, చుట్టూ రాయి. మీ శ్లాబు హాల్లో ఆ నిండుతనాన్ని గొంతులతో రాబట్టబోతే నష్టపోయేది గొంతులే.

పెద్దల మాట మీద గట్టిగా తీయిస్తే జరిగేది ఇది. అమ్మాయిలు ఛాతీ గొంతునే (మామూలుగా మాట్లాడే బరువైన గొంతు) ఏ4, బి4 దాకా మోసుకెళ్తారు. సి5 దగ్గర అది తెగుతుంది. తెగకూడదని ఇంకా నొక్కుతారు. కొన్ని వారాలకు మెల్లగా పాడే శక్తి పోతుంది. నష్టం ముందుగా బయటపడేది అక్కడే: గట్టి స్వరం బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది, మెల్లని స్వరం మాత్రం పుట్టదు.

---

వంశధార (గుణుపురం)

గోపాల్‌పూర్ గారి మాటల మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి మన పక్కనే ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు పదహారేళ్ళకే రోజుకు గంటా రెండు గంటలు నిండు గొంతుతో అకార సాధన చేస్తారు. వాళ్ళ గొంతులు పాడవడం లేదు కదా. క్వయర్ పిల్లలు మాత్రం అంత సుకుమారమా? సాధన తక్కువై వచ్చిన బలహీనతకు వయసు అని పేరు పెడుతున్నామేమో.

---

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

వంశధార గారూ, మీ అభ్యంతరం వల్ల అసలు విషయం ముందుకొచ్చింది. కర్ణాటక విద్యార్థి తన శ్రుతిలో పాడుకుంటాడు. గురువు మొదట చూసేదే అది. క్వయర్‌లో పాడేవాళ్ళకు ఆ ఎంపిక లేదు. కాగితం మీద ఏ స్వరం ఉంటే అదే పాడాలి.

లెక్క వేసి చూడండి. ఐదు శ్రుతిలో పాడే అమ్మాయికి షడ్జమం (స) జి3, తారషడ్జమం (పై స) జి4, తారపంచమం (పై ప) డి5. కచేరీలో ఆమె గొంతు ఎక్కువసేపు ఉండేది జి3, సి5 మధ్యే. డి5 ఆమెకు శిఖరం, అక్కడ ఒక క్షణం మెరిసి దిగొస్తుంది. మైకు ముందు పాడే సినిమా, గాస్పెల్ బాణీ పాటలు కూడా దాదాపు ఇదే పరిధిలో ఉంటాయి. సొప్రానో పార్టు మాత్రం బి4 నుంచి ఈ5 మధ్య చాలాసేపు తిరుగుతూ అప్పుడప్పుడు ఎఫ్5, జి5 తాకుతుంది. ఒకరికి శిఖరమైనది ఇంకొకరికి కాపురం.

మహేంద్రతనయ గారి సొప్రానోలకు సరిగ్గా డి5 దగ్గరే గాలి మొదలవడానికి ముఖ్య కారణం ఇదే అనుకుంటున్నాను. ఆ పైన వాళ్ళు ఎన్నడూ సాధన చేయలేదు. ఇందులో మీ మాట నిజం, సాధన లోపమే. అయితే దానికి మందు గట్టిగా పాడడం కాదు, పై నుంచి కిందికి పాడడం.

"ఊ" మీద సి5లో మెల్లగా ఎత్తుకుని ఐదు స్వరాలు దిగుతూ ఎఫ్4కు రావాలి. సెమీటోన్ చొప్పున పైకి జరుపుతూ ఎఫ్5 దగ్గర ఎత్తుకునేదాకా వెళ్ళాలి. దిగేటప్పుడు ఛాతీ గొంతులోకి పడిపోకుండా పై రంగునే కిందికి తేవాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. మొదటి నెలన్నరలో సన్నగా, పిల్ల గొంతులా వినిపిస్తుంది. అది చూసి చాలామంది నిర్వాహకులు మానిపించేస్తారు. మానకండి. దీనికి ఒక టర్మంతా పడుతుంది.

ఇంకొకటి, పై స్వరాల్లో మాటలు స్పష్టంగా లేవని పిల్లలను కోప్పడవద్దు. ఈ5 అంటే 659 హెర్ట్జ్. "ఈ" అచ్చుకు గుర్తింపునిచ్చే మొదటి అనునాదం (నోటి ఆకారం బలపరిచే పౌనఃపున్యం) దానికి చాలా కింద, 300-400 దగ్గర ఉంటుంది. అక్కడ "ఈ"ని "ఈ"గానే బిగించి పలకమంటే గొంతు పిసుక్కుపోతుంది. దవడ వదిలి "ఎ" వైపు కొంచెం తెరవమనండి. వినేవాళ్ళకు "ఈ" లాగే అందుతుంది.

---

జయపురం_టెనార్ (జయపురం, కోరాపుట్ జిల్లా)

గొంతు శాస్త్రం పైన చెప్పేశారు కాబట్టి నేను క్వయర్ నడిపే పద్ధతి రాస్తాను.

ముందు కీర్తనల శ్రుతి. చాలా చోట్ల కీబోర్డు వాయించే తమ్ముడు తన చేతికి అలవాటైన స్కేల్ పెట్టేస్తాడు, లేదా ముందు పాడే ఒక్కరికి కుదిరేది పెడతాడు. అలా కాకుండా కీర్తనలో అడుగు స్వరం, పై స్వరం ముందు చూడండి. మంద్రపంచమం (కింది ప) నుంచి తారస్థాయి అంతర గాంధారం (పై గ) దాకా వెళ్ళే కీర్తనను ఒకటి శ్రుతిలో, అంటే సిలో పెడితే అబ్బాయిలకు జి2 నుంచి ఈ4, అమ్మాయిలకు జి3 నుంచి ఈ5 వస్తుంది. ఇద్దరికీ అంచులే, కానీ దాటవు. అదే రెండు శ్రుతిలో పెడితే అబ్బాయిలు ఎఫ్ షార్ప్4 పాడాలి. బారిటోన్ గొంతుకు (టెనార్‌కూ బాస్‌కూ మధ్యది) ఈ4 దగ్గరే మలుపు, అంటే ఛాతీ గొంతు పై గొంతుగా మారే చోటు, ఉంటుంది, ఆ పైన అరుపే వస్తుంది. కీర్తన మధ్యషడ్జమం కిందికి దిగకపోతే ఏ లేదా బి ఫ్లాట్‌కు దించి చూడండి, అందరూ హాయిగా పాడతారు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నది ఇందుకే. ప్రతి కీర్తన పక్కన శ్రుతి రాసి ఒక కాగితం కీబోర్డుకు అతికించండి, మనిషి మారినా శ్రుతి మారదు.

మీ ఆరుగురు "బాస్"లలో నిజమైన బాస్ ఒకరుంటే గొప్ప. మిగతావాళ్ళు బారిటోన్లు, వాళ్ళకు సుఖమైన చోటు ఏ2 నుంచి డి4. హిమ్‌లో ఎఫ్2, ఈ2 వచ్చిన చోట, టెనార్ లైను మీదికి పోకుండా చూసుకుని, ఒక ఆక్టేవ్ పైన పాడించండి. అడుగు స్వరాన్ని కీబోర్డు ఎడమచేతికి వదిలేయండి. గొంతు కిందికి నొక్కి, గడ్డం ఛాతీకి ఆనించి తీసే ఆ గరగర బాస్ కాదు. అది అలవాటైతే పై స్వరాలు కూడా పోతాయి.

ముగ్గురు టెనార్లను ముందు వరస మధ్యలో నిలబెట్టండి. చివరికి తోస్తే తాము వినిపించడం లేదనుకుని అరుస్తారు. లైను ఈ4 లోపే ఉన్న పాటల్లో ఇద్దరు తేలిక బారిటోన్లను టెనార్‌కు కలపండి. ఆల్టో అమ్మాయిలతో టెనార్ పాడించడం ఒకటి రెండు పాటలకు మించవద్దు. ఏ3, బి3 దగ్గర గంటల తరబడి గట్టిగా పాడితే వాళ్ళ పై గొంతు మొద్దుబారుతుంది. ఈ బలగానికి అన్నిటికంటే మంచిది, సగం హిమ్స్‌ను సొప్రానో, ఆల్టో, బారిటోన్ మూడు పార్టులుగా మార్చుకోవడం.

తెలుగు, ఒడియా పిల్లలు కలిసి పాడేచోట శ్రుతి సరిగ్గానే ఉన్నా స్వరం మసకగా వినిపిస్తుంది. కారణం "అ". మన "అ" నోరు తెరిచి పలికేది, ఒడియా "అ" పెదవులు గుండ్రంగా పెట్టి "ఒ" వైపు పలికేది. ఏ పాట ఏ భాషదైతే ఆ భాష అచ్చు అందరూ పట్టాలి. పాడకుండా, ఒకే శ్రుతి మీద మాటలు చదివించడం నాలుగు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది. దీన్ని గొంతు లోపమని పొరబడి గట్టిగా పాడించేవాళ్ళున్నారు, దాంతో మసక ఇంకా పెరుగుతుంది.

ప్రాక్టీస్ 90 నిమిషాలైతే ఇలా పంచండి. పది నిమిషాలు గొంతు సవరింపు: పెదవులు బుర్రుమనిపిస్తూ ఐదు స్వరాలు దిగడం, తర్వాత మామూలు కూల్‌డ్రింక్ స్ట్రాను గ్లాసు నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచి బుడగలు వచ్చేలా "ఊ" అనడం. తర్వాత ముప్పై నిమిషాలకు పైగా కొత్త పాట సగం గొంతుతో. సొప్రానో లైనును నేర్చుకునేటప్పుడు ఆక్టేవ్ కింద పాడినా ఫరవాలేదు. పది నిమిషాల విరామం, నీళ్ళు. నిండు గొంతు మొత్తం మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే, అదీ చివర్లో. నోట్స్ నేర్పేటప్పుడే పదిసార్లు నిండుగా పాడించడం వల్ల గొంతులు అలిసిపోతాయి, కచేరీ వల్ల కాదు.

నిలబడేటప్పుడు భుజాలు తగలకుండా మోచేయి పట్టేంత ఖాళీ ఉండాలి. వెనక వరస ఒక మెట్టు ఎత్తున ఉంటే ముందువాళ్ళ తలల మీదుగా స్వరం వెళ్తుంది. తన గొంతు తనకు వినపడని మనిషి తెలియకుండానే గట్టిగా పాడతాడు. ఫ్యాన్లు, కీబోర్డు స్పీకర్ చేసే హాని అదే. ప్రాక్టీస్‌లో ఆరు ఫ్యాన్లలో మూడు ఆపి, స్పీకర్‌ను పిల్లల వైపు తిప్పి సౌండ్ సగం చేసి చూడండి. ఏమీ చెప్పకుండానే వాళ్ళ గొంతు తగ్గుతుంది.

డిసెంబరు జీరకు కారణం చాలావరకు రాత్రి కేరల్స్ రౌండ్స్, అంటే క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరగడం. ఆరుబయట గోడ లేదు, పైకప్పు లేదు, స్వరం తిరిగి రాదు. పైగా చలి, దుమ్ము, డప్పు. మా కోరాపుట్ వైపు చలిగాలి మరీ పొడిగా ఉంటుంది. బృందాన్ని రెండుగా చేసి ఒక ఇంట్లో ఒకరు, తర్వాతి ఇంట్లో ఇంకొకరు పాడండి. నడుస్తూ, వ్యాన్ మీద ప్రయాణిస్తూ పాడడం ఆపించండి. చిన్న బ్యాటరీ స్పీకర్, ఒక మైకు ఉంటే పాట ఎత్తుకునేవాళ్ళకు ఇవ్వండి. రౌండ్స్ జరిగిన మర్నాడు ప్రాక్టీస్ పెట్టవద్దు.

---

రాయగడ_స్పీచ్ (రాయగడ)

స్పీచ్ థెరపీ వైపు నుంచి కొన్ని మాటలు. మెల్లని స్వరం ముందు పోతుందని పైన రాసింది చాలా ముఖ్యం, దాన్నే పరీక్షగా వాడుకోవచ్చు. అమ్మాయిలు రోజూ ఒకే వేళకు "ఊ ఊ ఊ ఊ ఊ" అని ఐదు పొట్టి స్వరాలు, వీలైనంత మెల్లగా, సి5 నుంచి దిగాలి. సెమీటోన్ చొప్పున పైకి జరపాలి. ఎక్కడ స్వరానికి ముందు గాలి వస్తుందో, స్వరం ఆలస్యంగా పుడుతుందో అది ఆ రోజు కప్పు (పై హద్దు). ఆ కప్పు మామూలు కంటే రెండు మూడు సెమీటోన్లు దిగి రెండు రోజులైనా అలాగే ఉంటే తంతువులు వాచినట్టు అనుకుని పాడడం ఆపాలి. ఎప్పటినుంచో డి5 దగ్గర గాలి వచ్చే అమ్మాయికీ, నిన్నటిదాకా బాగుండి ఈరోజు గాలి వస్తున్న అమ్మాయికీ తేడా ఇలా తెలుస్తుంది. మొదటి ఆమెకు సాధన కావాలి, రెండో ఆమెకు విశ్రాంతి కావాలి. ఇద్దరికీ ఒకే మాట చెప్పకూడదు.

నెలసరికి ముందు రోజుల్లో కొందరికి తంతువులు కొంచెం ఉబ్బి పై స్వరాలు బరువవుతాయి. ఆ రోజుల్లో ఆల్టోలో నిలబడతానని అమ్మాయి అడిగితే కారణం అడక్కుండా ఒప్పుకోండి.

విశ్రాంతి అంటే గుసగుస కాదు. బిగించి గుసగుసలాడితే తంతువులకు ఇంకా శ్రమే. మెంథాల్ బిళ్ళలు నొప్పి తెలియకుండా చేస్తాయి, గాయం అలాగే ఉంటుంది. అవి వేసుకుని పాడించవద్దు. ఆవిరి ఐదు పది నిమిషాలు మంచిది. నీళ్ళు పాడే ముందు ఒక్కసారిగా కాకుండా రోజంతా తాగాలి. రౌండ్స్‌లో అర్ధరాత్రి బిర్యానీ తిని పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి వచ్చి పొద్దున్నే గొంతు జీరగా ఉంటుంది. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి.

జీర మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ స్వరపేటిక లోపల చూడాల్సిందే. మీకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, ఇటువైపు వాళ్ళకు కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పోయినా, పదునైన నొప్పి వచ్చినా మూడు వారాలు ఆగకూడదు, అప్పుడే మౌనం, మర్నాడే డాక్టర్. తంతువుల మీద కణుపులు (చిన్న బొడిపెలు) అని తేలినా పిల్లలు భయపడనక్కర్లేదు. ఈ వయసు వాళ్ళకు ముందు ఇచ్చేది వాయిస్ థెరపీయే, ఆపరేషన్ కాదు.

---

వంశధార (గుణుపురం)

డి5 లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను. అయితే ఒక మాట కలుపుతాను: కర్ణాటకం వచ్చిన పిల్లలకు శ్రుతి జ్ఞానం, దమ్ము బాగుంటాయి. వాళ్ళను సొప్రానోలో కాకుండా ఆల్టోలో పెట్టి, కీర్తన ఎత్తుగడ వాళ్ళకు ఇస్తే క్వయర్ మొత్తం శ్రుతి జారకుండా నిలుస్తుంది. గమకం మాత్రం అందరూ ఒకేలా వేయలేరు. బృందంగా పాడేటప్పుడు ఏ గమకం ఉంచాలో, ఏది తీసేయాలో ముందే తేల్చుకోవాలి.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. ఫ్యాన్లు, స్పీకర్ మార్పు ఈ శనివారమే మొదలుపెడతాం. ఒక సందేహం మిగిలింది. 18 ఏళ్ళ అబ్బాయి ఒకడు, సి4, ఎఫ్4 మధ్య గొంతు రెండుగా చీలిపోతుంది. కింద బి2 దాకానే ఉంది. టెనార్లు తక్కువని అక్కడ పెట్టాం. అది తప్పా?

---

జయపురం_టెనార్ (జయపురం)

పార్టును అడుగు స్వరం చూసి గానీ, ఖాళీ చూసి గానీ నిర్ణయించవద్దు. అతన్ని మామూలుగా మాట్లాడించి ఆ శ్రుతి వినండి, తర్వాత "ఊ" మీద మెల్లగా జి3 నుంచి పైకి తీసుకెళ్ళండి. మలుపు బి3, సి4 దగ్గర మొదలై ఈ4కు పూర్తయితే బారిటోన్. డి4 దగ్గర మొదలై ఎఫ్ షార్ప్, జి4కు పూర్తయితే టెనార్. మీరు చెప్పినదాన్ని బట్టి ఇంకా కుదురుకోని బారిటోన్ లాగే ఉన్నాడు. ఈ టర్మ్ బాస్ పార్టులో పై స్వరాలు పాడనివ్వండి, సి4 దాటిన చోట సగం గొంతే. ఫాల్సెటోలో (మగవాళ్ళ సన్నని పై గొంతు) "ఊ" దిగుతూ రోజూ కొద్దిసేపు చేస్తే చీలిక తగ్గుతుంది. జూన్‌లో మళ్ళీ విని నిర్ణయించండి. ఆ మాటకొస్తే 26 మందినీ టర్మ్ మొదట్లో ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి విడివిడిగా వినాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు పై కప్పు, మలుపు, సుఖమైన పరిధి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి, వచ్చే ఏడాది పార్టులు పంచేటప్పుడు అవే చూడాలి.